గొంతును కాచే వృత్తి: ఉత్తర తెలంగాణలో వోకల్ కోచ్‌కు చోటెక్కడ?

బతుకమ్మ ఆడేచోట కాసేపు నిలబడి వింటే ఒక సంగతి అర్థమవుతుంది. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, చుట్టూ తిరిగేవారంతా దాన్ని అందుకుంటారు. వారు అందుకున్న ఆ కాస్త వ్యవధిలో మొదటి ఆమె ఊపిరి తీసుకుంటుంది, గుటక వేస్తుంది, తరువాతి చరణం గుర్తు చేసుకుంటుంది. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు కొంతసేపు పాడతాడు, కొంతసేపు వచనం చెబుతాడు, అంతలో బృందం అందుకుంటుంది, డోలు అందుకుంటుంది. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. రాత్రంతా సాగే ప్రదర్శనలో ఒకే గొంతు మీద భారం పడకుండా విశ్రాంతిని ఆ కళారూపాలు తమ నిర్మాణంలోనే అమర్చుకున్నాయి. దానికి గొంతు సంరక్షణ అని ఎవరూ పేరు పెట్టలేదు. జరిగింది మాత్రం అదే.

ఈ అమరిక ఇప్పుడు చెదిరింది. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి చుట్టుపక్కల ఊళ్ల గాయనీ గాయకులకు యూట్యూబ్ జానపద గీతాలు పేరు తెచ్చాయి. ఆ పేరు వినాయక చవితి, దసరా వేదికలకు, పెళ్లిళ్లకు, జాతరలకు, ఎన్నికల సభలకు పిలుపులుగా మారింది. వేదిక మీద గాయని ఒక్కతే ఉంటుంది. వంత ముందే రికార్డు చేసిన ట్రాక్‌లో ఉంటుంది. మరి ఆ సమయంలో విశ్రాంతి దొరకాలి కదా అనిపించవచ్చు. దొరకదు. ట్రాక్‌లో కోరస్ వస్తున్నంతసేపూ ఆమె జనం చేత చప్పట్లు కొట్టించాలి, ఊరి పేరు పిలిచి ఉత్సాహపరచాలి, నిర్వాహకుల పేర్లు చదవాలి. పాటకంటే ఆ కేకలే గొంతును ఎక్కువగా అలగొడతాయి. మరునాడు ఇంకో ఊరు, ఆ మరునాడు స్టూడియోలో కొత్త పాట.

నాగలి చెడితే వడ్రంగి ఉన్నాడు. సిరిసిల్లలో మరమగ్గం ఆగితే మెకానిక్ ఉన్నాడు. పాటే కూడు పెట్టే మనిషికి పనిముట్టు గొంతు. అది మొరాయించినప్పుడు పిలవడానికి ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా ఒక మనిషి ఉన్నాడని చెప్పడం కష్టం. హైదరాబాద్, చెన్నై, ముంబై వంటి చోట్ల వోకల్ కోచ్ అనే పేరుతో ఆ పని ఒక వృత్తిగా స్థిరపడుతోంది. గొంతులకు కొదవలేని ఉత్తర తెలంగాణలో ఆ వృత్తి ఎలా ఉండాలి, దానితో బతకడం సాధ్యమేనా అన్నది ఆలోచించవలసిన విషయం.

ముందు ఈ పనికి సరిహద్దులు గీయాలి. గురువు సంగీతం నేర్పుతాడు. సరళీ వరుసల నుంచి కీర్తన వరకు ఒక బాణీని శిష్యుడికి అప్పగిస్తాడు. సంగీత దర్శకుడు పాట ఎలా వినిపించాలో నిర్ణయిస్తాడు. చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జబ్బును చూస్తాడు. వోకల్ కోచ్ చూసేది వీటి మధ్యన ఉన్న దాన్ని: ఇప్పటికే పాడటం వచ్చిన మనిషి, ఇప్పటికే ఒప్పుకున్న పాటను, గొంతు చెడకుండా, అనుకున్న ప్రభావంతో, వరుసగా ఇరవై రోజులు ఎలా పాడగలదు అన్నది. అతని దగ్గరికి వచ్చేవారు విద్యార్థులు కారు. వారికి అభిమానులు ఉంటారు, అడ్వాన్సు తీసుకున్న కార్యక్రమాలు ఉంటాయి, మొదటి నుంచి నేర్చుకునే తీరిక ఉండదు. మార్చవలసింది కొద్దిగానే ఉంటుంది. ఆ కొద్దిని కనిపెట్టడమే నైపుణ్యం.

గొంతు మీద పడే భారం ఎంతో అంకెల్లో చూస్తేనే ఈ వృత్తి అవసరం తెలుస్తుంది. స్వరపేటికలో ఉండే స్వరతంత్రులకు పేరు తంత్రులే కానీ అవి వీణ తీగల వంటివి కావు. పలుచని పొర కప్పిన రెండు కండర మడతలు. పెద్దవారిలో సైతం వాటి పొడవు ఒకటి నుంచి రెండున్నర సెంటీమీటర్లకు మించదు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి అవి తెరుచుకుంటూ, ఒకదానికొకటి తగులుతూ కంపిస్తాయి. మాట్లాడేటప్పుడు మగవారిలో సెకనుకు దాదాపు 100 నుంచి 130 సార్లు, ఆడవారిలో దాదాపు 200 సార్లు. వాద్యాల శ్రుతికి ప్రమాణంగా వాడే స్వరం సెకనుకు 440 కంపనాలు. ఒక గాయని ఆ స్వరం దగ్గర గంటసేపు ఆపకుండా పాడిందనుకుంటే ఆ రెండు చిన్న మడతలు 15,84,000 సార్లు తగులుకుంటాయి. ఎవరూ ఒకే స్వరం మీద గంట పాడరు, నిజమే. సగం వేసుకున్నా దాదాపు ఎనిమిది లక్షలు. పైగా జానపద పాటల్లో ఆడ గొంతు అంతకంటే పైకి, ఛాతీ బలంతో వెళ్తుంది. చేతులు అన్నిసార్లు చప్పట్లు కొడితే అరచేతులు బొబ్బలెక్కుతాయి. గొంతులో అలాంటిదే జరిగినప్పుడు రెండు మడతల మీదా ఎదురెదురుగా చిన్న కాయలు కడతాయి. వాటినే నోడ్యూల్స్ అంటారు. అవి వచ్చినా నొప్పి ఉండకపోవచ్చు. పై స్వరాలు సన్నగా పాడబోతే గాలి మాత్రమే వస్తుంది, గట్టిగా పాడితే పలుకుతుంది. దాంతో గాయని ఇంకా గట్టిగా పాడుతుంది. వలయం అక్కడ మొదలవుతుంది.

దీనికి తోడు మరో కారణం ఉంది. అది గాయని చేతిలో లేనిది. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని వివరించినందువల్ల దానికి ఆయన పేరే నిలిచింది. పక్కనే డీజే బాక్సులు, ముందు వేలమంది జనం, వేదిక మీద తన గొంతు తనకు వినిపించే మానిటర్ లేకపోవడం, ఈ మూడూ కలిస్తే ఎంత శిక్షణ ఉన్న మనిషైనా అరుస్తుంది. వేదికల మీద గొంతు పోవడానికి సాధన లోపమే కాదు, ఈ మానిటర్ లేకపోవడమూ ఒక కారణం కావచ్చు. అందుకే మంచి కోచ్ మొదటిరోజు గాయని చేత స్వరాలు పాడించడు. ఆమె కార్యక్రమానికి వెళ్లి వెనుక నిలబడి చూస్తాడు. సౌండు మనిషితో మాట్లాడి ఒక మానిటర్ పెట్టించడం, మైకును నోటికి ఎంత దూరంలో పట్టుకోవాలో చూపించడం, పాటల మధ్య మాటలు మరొకరికి అప్పగించమనడం, నెల రోజుల కసరత్తు చేయలేని మేలు ఈ మూడు చిన్న మార్పులు చేయగలవు.

గాయకుల శరీరాన్ని ఇంత దగ్గరగా చూడటం పాశ్చాత్యుల దగ్గర అరువు తెచ్చుకున్న పద్ధతి అని కొందరు సంప్రదాయ సంగీతజ్ఞులు అనుమానిస్తారు. ఆ అనుమానానికి జవాబు మన శాస్త్రంలోనే ఉంది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరం గాయకుడికి ఉండకూడని 25 దోషాలను పేరుపేరునా చెప్పింది. పళ్లు బిగించి పాడేవాడు సందష్టుడు. నోరు అతిగా తెరిచేవాడు కరాళి. నుదుటి మీద, ముఖం మీద, మెడ మీద నరాలు ఉబ్బేలా పాడేవాడు ఝోంబకుడు. బుగ్గలు సొరకాయలా ఉబ్బించేవాడు తుంబకి. మెడ వంకర పెట్టేవాడు వక్రి. ముక్కుతో పాడేవాడు సానునాసికుడు. బెదురుతూ పాడేవాడు భీతుడు. ఈ జాబితాను నేటి కోచ్ చేతికిస్తే పరీక్షా పత్రంగా వాడుకోవచ్చు. దవడ బిగింపు, మెడ కండరాల ఒత్తిడి, ముక్కులోకి జారే ధ్వని, వేదిక భయం, అతను రోజూ చూసేవి ఇవే. అదే గ్రంథం, సాధన లేకున్నా రాగాన్ని వ్యక్తం చేయగల సహజమైన గొంతు గుణాన్ని ‘శారీరం’ అంది, శరీరంతో పాటు పుట్టింది కనుక. ఓరుగల్లులో కాకతి గణపతిదేవుని గజసేనాని జాయప 1253–54లో నృత్తరత్నావళి రాశాడు. గీతరత్నావళి అనే మరో గ్రంథమూ ఆయనదేనని చెబుతారు, అది దొరకలేదు. నృత్తానికి ఓరుగల్లు శాస్త్రం మిగిలి, గీతానికి మిగలకపోవడం ఈ నేలకు జరిగిన నష్టం.

ఐరోపాలోనూ ఈ వృత్తికి పునాది వేసింది పాట మాస్టారే. మాన్యుయెల్ గార్సియా గానం నేర్పే గురువు, వైద్యుడు కాడు. 1854లో దంతవైద్యులు వాడే చిన్న అద్దాన్ని గొంతులోకి పెట్టి, మరో అద్దంతో సూర్యకాంతిని అందులోకి మళ్లించి, తన స్వరతంత్రుల కదలికను తానే చూసుకున్నాడు. మరుసటి ఏడు ఆ పరిశీలనను లండన్ రాయల్ సొసైటీ ముందు ఉంచాడు. తరువాత వైద్యులు ఆ పరికరాన్ని తమదిగా చేసుకున్నారు.

కోచ్ చేయించే పని చూసేవారికి పిల్లల ఆటలా ఉంటుంది. చిన్నపిల్లలు బండి నడిపినట్టు పెదవులు బుర్రుమనిపిస్తూ స్వరాలు ఎక్కి దిగడం. గ్లాసు నీళ్లలో గొట్టం రెండు వేళ్ల లోతు ముంచి, బుడగలు వచ్చేలా ‘ఊ’ అని పాడటం. నోరు మూసి హుమ్మని మూలగడం. వీటన్నింటి వెనుక ఒకే సూత్రం ఉంది. గాలి బయటికి పోయే దారి సన్నబడితే లోపల కొంత ఎదురు ఒత్తిడి ఏర్పడుతుంది, ఆ ఒత్తిడి స్వరతంత్రులు ఒకదానికొకటి బలంగా కొట్టుకోకుండా మెత్తగా తగిలేలా చేస్తుంది. తక్కువ శ్రమతో ఎక్కువ ధ్వని ఎలా వస్తుందో కండరాలకు ఆ కాసేపట్లో తెలిసిపోతుంది. కార్యక్రమానికి ముందు పదిహేను నిమిషాలు, తరువాత ఐదు నిమిషాలు చాలు. ఆ తరువాతి ఐదు నిమిషాలను దాదాపు అందరూ వదిలేస్తారు. అర్ధరాత్రి దాటాక కార్యక్రమం ముగుస్తుంది, కారం దట్టించిన భోజనం అవుతుంది, వెంటనే వాహనంలో వెనక్కి వాలి నిద్ర. కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నేది అప్పుడే. పొద్దున లేచేసరికి గొంతు బొంగురుగా ఉంటే రాత్రి పాడిన పాటల మీద నింద పడుతుంది.

ఇంటి వైద్యాల గురించి కోచ్ సున్నితంగా మాట్లాడవలసి ఉంటుంది. మిరియాల పాలు, తేనె, అతిమధురం ముక్క, పటిక బెల్లం ఉపశమనం ఇస్తాయి, తప్పు లేదు. కానీ మింగినదేదీ స్వరతంత్రులను తాకదు. అది ఆహారనాళంలోకి పోతుంది, తాకితే పొలమారుతుంది. తంత్రులు తడిగా ఉండాలంటే రోజంతా నీళ్లు తాగాలి, అవసరమైతే ఆవిరి పట్టాలి. గొంతుకు విశ్రాంతి అనుకుని గుసగుసగా మాట్లాడటం చాలామంది చేసే పొరపాటు. బలవంతపు గుసగుస గొంతును మరింత బిగిస్తుంది. మాట్లాడకపోవడమే విశ్రాంతి.

ఈ వృత్తిలో అన్నింటికంటే బాధ్యతగల క్షణం, ఇది నా పని కాదు అని చెప్పగలగడం. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, పాడుతూండగా హఠాత్తుగా గొంతు ఆగిపోతే, ఏ కసరత్తూ చేయించకూడదు. హఠాత్తుగా ఆగడం తంత్రిలో రక్తం చిమ్మడం వల్ల కావచ్చు. అప్పుడు ఒక్క పాట పాడించినా మచ్చ శాశ్వతంగా మిగలవచ్చు. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల, ఎం.జి.ఎం. ఆసుపత్రి ఉన్నాయి, ప్రైవేటు వైద్యులూ ఉన్నారు. తంత్రుల కంపనాన్ని నెమ్మదిగా కదులుతున్నట్టు చూపించే స్ట్రోబోస్కోపీ పరీక్ష ఎక్కడ చేస్తారో కోచ్‌కు తెలిసి ఉండాలి. నోడ్యూల్స్ అనగానే కత్తి అవసరం లేదు, చాలావాటికి మొదటి చికిత్స స్వర చికిత్సే. అది చేయవలసింది స్పీచ్ థెరపిస్టు. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి చోట్ల చదివి, 1992 చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో నమోదైనవారికే ఆ అర్హత ఉంది. 1997లో స్వరతంత్రుల శస్త్రచికిత్స తరువాత బ్రిటిష్ నటి, గాయని జూలీ ఆండ్రూస్‌కు పాత గొంతు తిరిగి రాలేదు. 2011లో శస్త్రచికిత్స చేయించుకున్న బ్రిటిష్ గాయని అడెల్ మరుసటి ఏడే వేదిక ఎక్కింది. గొంతు మీద చేసే ఏ నిర్ణయమూ చిన్నది కాదని ఈ రెండు అనుభవాలూ చెబుతున్నాయి.

ఇంత బాధ్యత ఉన్నా వోకల్ కోచ్‌కు లైసెన్సు లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందువల్ల నమ్మకం ఒక్కటే పెట్టుబడి. ఈ ప్రాంతంలో ఆ దారి పట్టదలచినవారికి మొదటి మెట్టు సంగీత విద్యే. వరంగల్‌లోని విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వంటి చోట నాలుగేళ్ల సర్టిఫికెట్, రెండేళ్ల డిప్లొమా గాత్రంలో పూర్తి చేస్తే స్వరజ్ఞానం, తాళజ్ఞానం కుదురుతాయి. ఆకాశవాణి ఆడిషన్‌లో బి గ్రేడు, ఆపైన బి హై, ఎ సాధించినవారి మాటకు గాయకులలో విలువ ఉంటుంది. అంతటితో కోచ్ కాలేరు. కీబోర్డు వాయించడం రావాలి, గొంతు నిర్మాణం చదవాలి, స్టూడియోలో మైకు ముందు ఏం జరుగుతుందో తెలియాలి. అన్నింటినీ మించి చెవి కావాలి. గాయని ఒక పంక్తి పాడగానే, ఎక్కడ ఊపిరి తక్కువైంది, ఎక్కడ దవడ బిగిసింది, ఏ అక్షరం దగ్గర శ్రుతి కిందికి జారింది, కంటితో చూడకుండానే చెప్పగలగాలి. ఇది పుస్తకంతో రాదు. అనుభవం ఉన్నవారి పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటే వస్తుంది. హైదరాబాద్‌లో లిటిల్ మ్యుజీషియన్స్ అకాడమీ ద్వారా కొమాండూరి రామాచారి ఎందరో నేపథ్య గాయకులను తీర్చిదిద్దారు. తమిళ టెలివిజన్ పాటల పోటీలతో అనంత్ వైద్యనాథన్ వాయిస్ ట్రైనర్ అనే మాటను ఇంటింటికీ తెలియజేశారు. కాజీపేటలో రైలెక్కితే హైదరాబాద్ ఎంతో దూరం లేదు. నేర్చుకోవడానికి వెళ్లి, పని చేయడానికి తిరిగి రావడం సాధ్యమే.

సంపాదన సంగతి దాచకుండా చెప్పుకోవాలి. వృత్తి గాయకులతోనే ఇల్లు గడవడం మొదటి ఏళ్లలో జరగదు. గాయకుల ఆదాయమే రుతువులను బట్టి ఉంటుంది. వినాయక చవితి నుంచి దసరా వరకు ఊపిరి సలపదు. సంక్రాంతి నుంచి ఉగాది వరకు కొమురవెల్లి జాతర, రెండేళ్లకోసారి మేడారం. ముహూర్తాలు లేని నెలల్లో చేతిలో డబ్బు ఉండదు, శిక్షణకు తీరిక ఉండేది మాత్రం అప్పుడే. తీరిక ఉన్నప్పుడు డబ్బు లేదు, డబ్బు ఉన్నప్పుడు తీరిక లేదు. గంటకు ఇంత అని రుసుము పెట్టే నగరపు పద్ధతి ఇక్కడ నిలవకపోవడానికి కారణం ఇదే. పనికొచ్చే పద్ధతి, ఒక బృందంతో ఏడాది ఒప్పందం: ఖాళీ నెలల్లో శిక్షణ, సీజనులో వారానికోసారి పరిశీలన, చెల్లింపు సీజను డబ్బుల నుంచి. మిగతా ఆదాయం ఉపాధ్యాయులు, అధ్యాపకులు, యాంకర్లు, చర్చి గాయక బృందాల నుంచి రావాలి. గొంతుతో బతికేవారు గాయకులొక్కరే కారు. రోజుకు ఆరు తరగతులు చెప్పే ఉపాధ్యాయుల గొంతు కష్టం గాయకులకు తీసిపోదు.

ఆన్‌లైన్ శిక్షణ కొంత ఆసరా. అయితే ఫోనులో ధ్వని కాస్త ఆలస్యంగా చేరుతుంది కనుక ఇద్దరూ కలిసి పాడలేరు. ఫోను యాప్‌లు నేపథ్య శబ్దం అనుకుని గొంతులోని సన్నని గాలిని చెరిపేస్తాయి, కోచ్ వినవలసింది సరిగ్గా ఆ గాలినే.

డబ్బుకంటే మొండి అడ్డంకి సిగ్గు. పేరున్న గాయని శిక్షణకు వెళ్తోందని తెలిస్తే, పాడటం రాదేమో అనే మాట పుడుతుంది. క్రికెట్ ఆటగాడికి కోచ్ ఉంటే గౌరవం, గాయనికి ఉంటే లోపం. ఈ తేడాకు న్యాయం లేదు. అది పోయేవరకు కోచ్ తన దగ్గరికి ఎవరు వస్తున్నారో చెప్పకూడదు, ఫొటోలు పెట్టకూడదు. అంటే, పేరు పెంచుకోవడానికి ఇతర వృత్తులవారు వాడే దారి అతనికి మూసుకుపోయినట్టే. గాయకులు ఒకరికొకరు చెవిలో చెప్పుకోవడమే ప్రచారం.

కోచ్ చేయగల హాని కూడా ఒకటుంది, దాన్ని తేలికగా తీసుకోకూడదు. పాలకుర్తి సోమనాథుడు తన కాలపు జనం పాడుకున్న పాటల రకాలను పండితారాధ్య చరిత్రలో ప్రస్తావించాడు. జనగామ నేల మీద ఒగ్గుకథను చుక్క సత్తయ్య సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా తీసుకెళ్లాడు. ఆ వరుసలో వచ్చిన గొంతుల్లో ఒక జీర ఉంటుంది, ఒక గరుకు ఉంటుంది, పదం చివర ఒక విసురు ఉంటుంది. అవే వాటి ముఖకవళికలు. సినిమా పాట నునుపును కొలతగా పెట్టుకున్న కోచ్ వాటిని దోషాలుగా లెక్కిస్తే, గొంతు ఆరోగ్యంగా మిగులుతుంది, పాట మిగలదు. అలవాటైన గరుకుకు, గాయం వల్ల వచ్చిన గరుకుకు తేడా వినగలగడం ఇక్కడి కోచ్‌కు ఉండవలసిన ప్రత్యేక విద్య. మొదటిది గాయని కావాలనుకున్నప్పుడు వస్తుంది, వద్దనుకుంటే పోతుంది. రెండోది అడగకుండానే వస్తుంది.

ఇదంతా చివరికి వచ్చి ఆగేది శ్రుతి దగ్గర. స్టూడియోలో పాటను ఎత్తైన శ్రుతిలో, పంక్తి పంక్తిగా, ఆపి ఆపి, కుదిరినదాన్ని ఉంచుకుంటూ రికార్డు చేస్తారు. ఆ ఎత్తులో ఒక్కో పంక్తి పాడటం సాధ్యమే. అదే ఎత్తులో ఆరు పాటలు వరుసగా, గెంతుతూ పాడటం వేరు. వేదిక కోసం అర శ్రుతి, ఒక శ్రుతి తగ్గించుకుందామంటే నిర్వాహకులు ఒప్పుకోరు, పాటలో ఊపు పోతుందంటారు. వేగం మారకుండా ట్రాక్ శ్రుతిని తగ్గించడం కంప్యూటర్‌లో నిమిషాల పని, వినేవారిలో ఆ తేడాను పట్టుకునేవారు తక్కువ. అందువల్ల సీజనుకు ముందు గాయని, కీబోర్డు వాయించే మనిషి, కోచ్ ముగ్గురూ పాటల జాబితాతో కూర్చోవలసి ఉంటుంది. ఒక్కో పాట ఎదుట వేదిక శ్రుతిని విడిగా రాసుకోవాలి. మొదటి పాట అన్నింటికంటే ఎత్తైనది కాకూడదు. రెండు ఎత్తైన పాటల మధ్య ఒక వంత పాట పెట్టాలి. ఆ పాటకు ట్రాక్‌లోని కోరస్ తీసేసి, బృందంలో ఇద్దరి చేతికి మైకులు ఇస్తే, చరణానికీ చరణానికీ మధ్య గాయని మైకు దించి రెండు గుక్కల నీళ్లు తాగగలుగుతుంది.